ఉలవలు పరిచిన సగం రోడ్డు

పోయిన ఆదివారం మా చిన్నాన్నగారి మనవడిని తొట్టెలలో వేస్తే వెళ్ళాము. బళ్ళారిలో మా కోమట్ల ఇళ్ళల్లో ఏ శుభకార్యం జరిగినా భోజనాల దగ్గర రెండు గుంపులు తయారవుతాయి. ఓళిగలు, అంటే బొబ్బట్లు, ఎన్ని తిన్నామో చెప్పుకునే వాళ్ళు ఒకవైపు, ఎన్ని మానుకున్నామో చెప్పుకునే వాళ్ళు ఒకవైపు. నాకు షుగరు వచ్చాక నేను రెండో గుంపులో చేరాను. ఓళిగ వద్దని ఉలవ చారు కోసం కాచుకుని కూర్చున్నాను. బకెట్టు నా విస్తరి దగ్గరికి రాగానే, పక్కనే కూర్చున్న మా బావమరిది చెయ్యి అడ్డం పెట్టి, "మా బావకి పొయ్యద్దప్పా. ఆయనకూ ఉలవలకూ పోలీసు కేసు ఉండాది" అన్నాడు. వరస మొత్తం నవ్వింది. వడ్డించే ఆయన కూడా నవ్వి, గరిటె నిండా పోసి పోయాడు. ఎప్పటిలాగే నేనూ నవ్వాను. ఆరేడేళ్ళుగా ఈ మాట ఇలాగే వినపడుతోంది, నేను ఇలాగే నవ్వుతున్నాను. ఎదురు వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న నా భార్య మాత్రం నవ్వలేదు. ఎడమ కనుబొమ మీది సన్నని మచ్చను వేలితో ఒకసారి తడుముకుని, తల వంచుకుని అన్నం కలుపుకుంది. ఆ రోజు చారు విస్తరిలోనే వదిలేసి లేచాను. ఇంటికి వచ్చాక కూడా ఆ వేలే కళ్ళ ముందు ఆడుతోంది. అందుకని ఆ కేసు సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇది చదివి మా బావమరిది కోప్పడితే కోప్పడనీ.

మా నాన్నది బజారులో ధాన్యం దలాలి అంగడి. సీజన్లో ఊళ్ళు తిరగడానికి ఆయనకొక పాత జీపు ఉండేది, బడి సెలవుల్లో నన్నూ ఎక్కించుకుని పోయేవాడు. మా వైపు రైతులు ఉలవ చెత్తను, అంటే కాయలతో పీకిన మొక్కలను, కొర్ర కంకులను తారు రోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్లు వాటి మీదుగా పోతే కాయలు పగిలి గింజ రాలుతుంది. కట్టెలతో కొట్టే పని తప్పుతుంది. చట్టం ప్రకారం అది తప్పే. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. కానీ మా నాన్న రోడ్డు మీద పంట కనిపిస్తే పక్కన ఖాళీ ఉన్నా డ్రైవరు భుజం తట్టి పంట మీదికే పోనిమ్మనేవాడు. "మనం తినేది వాళ్ళు పండిచ్చిందే. మనం తొక్కితే వాళ్ళకొక దెబ్బ తగ్గుతాది" అనేవాడు. జీపు కింద ఉలవ కాయలు చిటపటమని పగిలే చప్పుడు ఉందే, పెనం మీద జొన్న పేలాలు వేగుతున్నట్టు ఉంటుంది. దుమ్ముతో పాటు ఒక పచ్చి వాసన లేస్తుంది. రోడ్డు పక్కన చేటలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ళు చెయ్యి ఎత్తేవారు, నాన్నా ఎత్తేవాడు. మా నాన్న గుడికి పోవడం నేను పెద్దగా చూడలేదు. ఆయన చేసే పూజ అదేనేమో అని తర్వాతెప్పుడో అనిపించింది. అయితే ఆయన చెప్పిన దానిలో ఇంకొక ముక్క ఉండేది. ఎండెక్కినాకే తొక్కాల, నిమ్మళంగా తొక్కాల అని. పెద్దవాళ్ళ మాటల్లో మనకు రుచించిన సగమే గుర్తు పెట్టుకుంటాము కదా. ఆ రెండో సగం నేను మరిచిపోయాను.

అది ఏడెనిమిదేళ్ళ కిందటి మాఘమాసం. మా బావమరిదికి తెక్కలకోటలో ఎరువుల అంగడి. వాళ్ళ ఇంట్లో రెండు రోజులు ఉండి, పొద్దున్నే నేనూ నా భార్యా బళ్ళారికి బయలుదేరాము. కారు కొని ఇంకా కొత్త వాసన పోలేదు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయనియ్యకుండా నేను కాపలా కాస్తున్న రోజులు. కాలవ కింది వరి పొలాల మీద ఇంకా మంచు ఉంది. నా భార్య తల అద్దానికి ఆనించి కునుకుతోంది. ముందు ఎర్ర బస్సు ఒకటి పోతోంది, తెక్కలకోట నుంచి వచ్చిందే. కురుగోడు దారి చీలడానికి కొంచెం ఇవతల రోడ్డుకు ఎడమ సగంలో ఉలవ చెత్త పరిచి ఉంది. నడిగీత మీద వరుసగా రాళ్ళు పేర్చారు, బండ్లవాళ్ళకు తెలియాలని. కుడి సగం శుభ్రంగా ఖాళీ. బస్సు హారన్ కొట్టుకుంటూ ఆ ఖాళీలో నుంచి పోయింది. నేనూ అలాగే పోవచ్చు. ఎదురుగా ఏ బండీ లేదు.

నేను పోలేదు. ఈమెను ఆ చప్పుడుతో లేపుదామనిపించింది. ఎప్పటి నుంచో మా నాన్న జీపు సంగతి చెబుతూ ఉంటాను, ఆమె ఊ కొడుతూ ఉంటుంది. అవతల చేట పట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి మా కారును చూసి పక్కకు జరిగి చెయ్యి ఎత్తింది. నేనూ చెయ్యి ఎత్తాను. రాళ్ళకు ఎడంగా, హైవే మీద పోయే వేగం మీదనే, స్టీరింగు చెత్త మీదికి తిప్పాను. అప్పుడే పరిచిన చెత్త అది. మంచుకు తడిసి ఉంది. చిటపటలు లేవు. సబ్బు మీద కాలు వేసినట్టు కారు జారింది. బ్రేకు తొక్కాను, అది ఇంకా తప్పు. రోడ్డు, పొలం, ఆకాశం ఒక చుట్టు తిరిగి, కల్వర్టు గోడ దగ్గర అన్నీ ఆగిపోయాయి. గాలి సంచులు పేలి, దీపావళి మర్నాటి వీధిలాంటి వాసన. నా పెదవి చిట్లింది. ఆమె తల పక్క అద్దానికి కొట్టుకుని కనుబొమ చీలింది, మణికట్టు బెణికింది. ఆ ఆడమనిషే పరిగెత్తుకొచ్చి తలుపు లాగి, ఆమెను దింపి, తుమ్మ చెట్టు నీడన కూర్చోబెట్టి, తువ్వాలు తడిపి నుదుటికి అదిమి, ఉలవలు చెరిగే చేటతోనే విసిరింది. నేను రెండు చేతులూ తల మీద పెట్టుకుని కారు ముక్కు చూస్తూ నిలబడ్డాను. ముందు భార్యను చూశానా, కారును చూశానా అని ఎవరూ అడగకపోవడం నా అదృష్టం.

బళ్ళారి ఆసుపత్రిలో ఆమెకు కుట్లు వేశారు. రోడ్డు మీద దెబ్బలు తగిలి ఎవరు వచ్చినా ఆసుపత్రి వాళ్ళు పోలీసులకు తెలపాలి. సాయంత్రానికి ఆ హైవే స్టేషను నుంచి దఫేదారు వచ్చాడు. మా జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌ను అందరూ అలాగే అంటారు. లావుపాటి మనిషి, కన్నడం మాట్లాడుతూ మాట్లాడుతూ దయ తలచి తెలుగులోకి దిగేవాడు. ఎలా జరిగిందని అడిగాడు. ఎదురుగా మంచం మీద కట్టు కట్టుకుని ఆమె నావైపే చూస్తోంది. నిన్ను లేపడానికి నేనే తిప్పాను అని ఆ కట్టు ముందర ఎలా చెప్పాలి? "రోడ్డంతా ఉలవలు పరిచినారు సార్, తప్పించేకి జాగా లేదు" అన్నాను. మా ఇంట్లో అందరూ ఆ మాట మా బావమరిది నేర్పించాడని అనుకుంటారు. అతను అప్పటికి ఇంకా తెక్కలకోట నుంచి దారిలో ఉన్నాడు. ఆ మాట నాదే. అతను వచ్చాక దానికి తోక, కొమ్ములు తగిలించాడు, అంతే.

దఫేదారు రాసుకుని, పెన్ను మూసి, "ఉలవల మీద కేసు ఆగల్ల, పెట్టేకి కాదు స్వామీ. హెసరు బేకు. పరిచినోళ్ళ పేరు కావల్ల" అన్నాడు. ఇన్సూరెన్సు వాళ్ళు పోలీసు రిపోర్టు లేనిదే కారు ముట్టుకోము అన్నారు. రిపోర్టు చేతికి రావాలంటే స్థలం చూసి మహజరు రాయాలి, అంటే ఎక్కడేం జరిగిందో కొలిచి, సాక్షుల సంతకాలు తీసుకోవాలి. నేను స్టేషను చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఒక రోజు సాహేబ్రు, అంటే ఎస్సై, జాతర బందోబస్తుకు పోయారు. ఒక రోజు సాహేబ్రు ఉన్నారు కానీ కంప్యూటరు లేవలేదు. ఇంకో రోజు రెండూ ఉన్నాయి, మహజరుకు పోవడానికి జీపు లేదు. వేప చెట్టు కింద బెంచీ మీద కూర్చుని, ఆవరణలో తుప్పు పట్టిన బైకుల మధ్య దుమ్ము కొట్టుకుపోతున్న నా కొత్త కారును చూస్తూ, ఈ రిపోర్టు ఎప్పటికీ రాదేమోనని భయపడేవాడిని. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడిని, మోగకపోతే తీసి చూసుకునేవాడిని. అది రాదని భయపడిన రోజులే సుఖమైన రోజులని తర్వాత తెలిసింది.

మహజరు రోజున మధ్యాహ్నం ఎండ. దఫేదారు, టీ కొట్టు దగ్గర నుంచి పట్టుకొచ్చిన ఇద్దరు సాక్షులు, నేను. రోడ్డు మీద ఉలవలు లేవు, రాళ్ళూ లేవు. కల్వర్టు గోడకు మా కారు రంగు మాత్రం గీతలా అంటుకుని ఉంది. కబురు పంపితే ఆ చేట ఆడమనిషి వచ్చింది, వెంట కొడుకు, ఇరవై రెండు మూడేళ్ళ వాడు, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు పరిచారు అని దఫేదారు నన్ను అడిగాడు. నేను రోడ్డుకు ఆ అంచు చూపించాను, ఈ అంచు చూపించాను. టేపు సాగింది. కొడుకు ఊరుకోలేదు. సగమే పరిచాము, నడిమధ్యన రాళ్ళు పెట్టాము, బస్సులన్నీ పక్క నుంచే పోయాయి అని గొంతు పెంచాడు. రాళ్ళు యాడప్పా అని దఫేదారు అడిగితే, పంట ఎత్తినాక రాళ్ళను రోడ్డు మీద ఉంచుతామా అన్నాడు. తల్లి అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కు లాగింది. ఎవరి పేరు రాయాలి అన్నప్పుడు ఆమె నోరు తెరిచింది, కొడుకు ఆమె కన్నా ముందు తన పేరు చెప్పాడు. "మా అమ్మను స్టేషను మెట్లెక్కిచ్చద్దు సార్. పరిచింది నేనే అని రాసుకోండి." దఫేదారు రాయబోయి ఆగి, అతని ముఖం చూశాడు. "నువ్వు కుడతినిలో పనికి అర్జీ వేసినోడివి కదప్పా? కరెంటు ప్లాంటుకు గేటు పాసు కావాలంటే మన స్టేషనునే అడుగుతారు, ఈయప్ప మీద కేసేమన్నా ఉందా అని. ఉందని రాయాల్సింది నేనే. యోచన చెయ్యి." అతను యోచించలేదు. రాయమన్నాడు.

సంతకాలు చేయించడానికి దఫేదారు సాక్షులను టీ కొట్టు వైపు తీసుకుపోయాడు, కొడుకూ పోయాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"అమ్మకు నుదురు మానిందా అప్పా?" అంది.

మానుతోందన్నాను. కొంగు సర్దుకుంది.

"నువ్వు తొక్కేకి వస్తాండావని చూసి నేనే పక్కకి జరిగితి. ఇంకా తడి ఉండాది, ఇప్పుడొద్దు అని అరవాల్సింది. పెద్దకారాయన మేలు చేసేకి వస్తాండాడే అని సంబరపడితి. తప్పు నాదే."

"ఆ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెప్తే నీ మీదికి వస్తాదంట కదప్పా. మేలు చేసేకి వచ్చినోళ్ళను యాడన్నా పట్టిస్తారా?"

ఎగతాళి చేస్తోందేమోనని ఆమె ముఖంలో వెతికాను. దొరికితే బాగుండేది.

ఆ రోజు నుంచి రిపోర్టు వస్తుందేమోనని భయం పట్టుకుంది. కుడతినిలో కొత్త మనుషులను తీసుకునేది ఆ నెలాఖరుకేనని టీ కొట్టు దగ్గర విన్నాను. ఆ లోపల ఈ కాగితం ఆగిపోతే బాగుండు, సాహేబ్రు ఇంకొక జాతరకు పోతే బాగుండు అనుకున్నాను. ఆగమన్నప్పుడు ఏదీ ఆగదు. మూడో రోజే రిపోర్టు వచ్చిందని మా బావమరిది నా ఫోనుకు దాని ఫోటో పంపించాడు, కింద బొటనవేలి బొమ్మతో. నా భార్య ఆ ఫోను అడిగి తీసుకుని, కన్నడం కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. కళ్ళద్దాలు తీసి, "రోడ్డంతా పరిచింటే మన ముందర పోయిన బస్సు ఎట్ల పాయ?" అంది. బస్సు హారనుకు తనకు ఒకసారి మెలకువ వచ్చిందట, అది రాళ్ళ పక్క నుంచి పోవడం చూసి మళ్ళీ కళ్ళు మూసుకుందట. ఇన్నాళ్ళూ అడగలేదు. నేనే చెబుతానని చూసిందేమో. అప్పుడు మొత్తం చెప్పాను, జీపు సంగతి, చప్పుడు సంగతి, చేట సంగతి. విని ఆమె అన్నది ఒక్కటే, "పోయి చెప్పి రాండి."

పోయాను. దఫేదారు బల్ల ముందు కూర్చుని, వరసకు నాకు తెలిసినవాళ్ళు ఎవరో తప్పుగా చెప్పి ఉంటే దిద్దుకోవచ్చా అని అడిగాను. ఆయన ముప్పై ఏళ్ళుగా ఇలాంటి వరసలు వింటున్న మనిషి. "దిద్దొచ్చు స్వామీ. ఇన్నొందు హేళికె, ఇంకొక వాంగ్మూలం ఇస్తే చాలు. ఈ పక్క ఉన్న కేసు ఆ పక్కకు తిరుగుతాది. ముద్దాయి మీరైతారు" అని టీ తాగమన్నాడు. టీ తాగి లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి నా భార్యతో, సాహేబ్రు బందోబస్తుకు పోయారని చెప్పాను. స్టేషను వాళ్ళు నాకు చెప్పిన మాటే నేను ఆమెకు అప్పజెప్పాను. మరుసటి వారం కంప్యూటరు లేవలేదని చెప్పాను. నాన్న తర్వాత నాదైన అంగట్లో ఉలవల శాంపిలు వస్తే, చేత్తో ముట్టకుండా పక్కకు జరిపేసేవాడిని. బజారులో ఖాకీ చొక్కా కనిపిస్తే, నన్ను పట్టుకోవడానికి వచ్చాడనీ, పట్టుకోకుండా పోతున్నాడనీ, రెండు రకాలుగానూ గుండె కొట్టుకునేది. నెలాఖరు దాటింది. చివరికి ఒక పొద్దున నా భార్య చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని, వాకిట్లో నిలబడి, "ఈ రోజు నేనూ వస్తా. సాహేబ్రు ఉండారో లేరో నేనే చూస్తా" అంది.

సాహేబ్రు ఉన్నారు. కంప్యూటరు లేచింది. నేను రెండో వాంగ్మూలం ఇచ్చాను. దాని తర్వాతివి చెప్పుకోదగ్గ సంగతులు కావు. కేసు నా పేరు మీదికి తిరిగింది, కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాను, ఇన్సూరెన్సు ఆశ వదులుకున్నాను, మా బావమరిది ఒక ఏడాది మాతో సరిగా మాట్లాడలేదు. ఆ కుర్రవాడి పేరు కొట్టేశారు. స్టేషనులో కాగితం సరిగ్గానే ఉంది, ఎవరైనా పోయి చూసుకోవచ్చు. కానీ కాగితం స్టేషనులో ఉంటుంది, కథ పెళ్ళిళ్ళకు పోతుంది. మా బావమరిది మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు మొదటి కథనే చెప్పాడు, దానిలోనే నవ్వు ఉంది కాబట్టి. రెండోదానిలో నవ్వడానికేమీ లేదు. నేను సరిదిద్దలేదు. జరిమానా కట్టేశాను కదా, ఇంకా ఏమిటి అనుకున్నాను. ప్రతిసారీ నేను నవ్విన నవ్వు ఆ తల్లీకొడుకుల మీద మళ్ళీ ఒకసారి చేసిన సంతకమేనని నాకు తట్టలేదు. తట్టిందేమో, పక్కకు తోసేశాను.

రెండేళ్ళ కిందట ఆ టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు అడిగాను. ఆ కొడుకు ఇప్పుడు కుడతినికే పోతున్నాడట. అయితే ఆ నెలాఖరుకు కాదు, చాలా ఆలస్యంగా దొరికింది. అప్పుడు అతనితో పాటు అర్జీ పెట్టి లోపలికి పోయిన ఊరివాళ్ళు ఇప్పుడు మేస్త్రీలయ్యారు. అతను వాళ్ళ కింద హెల్పరు. పొద్దున ఒకే బస్సుకు పోతారు, గేటు దగ్గర వాళ్ళొక వరసలో, అతనొక వరసలో నిలబడతారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనరట. టీ కొట్టు ఆయన ఇదంతా నేనెవరో తెలియక చెప్పాడు. నేనూ చెప్పలేదు. ఆ ఊరు రోడ్డు పక్కనే, పిలిస్తే పలికేంత దూరం. అప్పుడు పోలేదు. ఇది రాయడం అయ్యాక పోవాలి. నా భార్య ఇప్పటికే చీర తీసి పెట్టుకుంది.

ఆ తల్లి దగ్గర చెప్పడానికి పెద్ద మాటలేమీ కూడబెట్టుకోలేదు. ఆ రోజు నేను మేలు చెయ్యాలని వచ్చింది నిజమేనని, మేలు అక్కడే ఆగిపోయిందని మాత్రం చెబుతాను. నేను తడిలో జారి చెల్లాచెదురు చేసిన ఆ ఉలవలను ఆమె మళ్ళీ కుప్ప చేసి, ఎండబెట్టి, పొద్దు గూకక ముందే చెరుక్కుని ఇంటికి చేర్చుకుందట. పొట్టు ఒకవైపు, గింజ ఒకవైపు చేసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.